మెచ్చుకున్నవాడి బాకీ

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. బతికి ఉన్నన్నాళ్ళూ ఆ కళ్ళ వంక ఎవరూ తేరిపార చూసి ఉండరు. పోయాక అందరికీ అవే గుర్తుకొస్తాయి. ఈ సామెత మనుషుల గురించి పుట్టినదే అయినా వస్తువులకూ సంస్థలకూ కూడా సరిపోతుందని నాకు స్వీడన్ దేశంలో ఒక చిన్న ఊళ్ళో తెలిసింది.

మా అమ్మాయి గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు, "ఏం చూస్తావు నాన్నా?" అని అడిగింది. "ట్రోల్‌హాటన్ తీసుకుపో" అన్నాను. అక్కడికి ఉత్తరాన డెబ్బై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. నది, జలపాతం, ఓడల కోసం కట్టిన లాకులు ఉన్న ఊరు. ఒకప్పుడు సాబ్ కార్లు అక్కడే తయారయ్యేవి. ఇప్పుడు అక్కడ సాబ్ మ్యూజియం ఉంది. నేను బి.కాం. చదివే రోజుల్లో బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగట్లో ఒక విదేశీ మోటారు పత్రిక కొన్నాను. అందులో నల్లటి సాబ్ 900 బొమ్మ ఉంది. వీపు గూనిగా, ముందు అద్దం వంపుగా, ఏ కారులాగానూ లేని కారు. అప్పటినుంచీ ఆ పేరు ఎక్కడ కనబడినా చదివేవాణ్ణి. మన దేశంలో వీధిలో నడుస్తున్న సాబ్‌ను మాత్రం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ మ్యూజియంలో కార్లను చూస్తూ ఉండగా నాలోని బ్యాంకువాడికి ఒక ప్రశ్న పట్టుకుంది. ఒక మంచి వస్తువును లోకమంతా మెచ్చుకుంటుంది, కొనేవాళ్ళు మాత్రం చాలరు. అది నష్టాల్లో పడి పోతుంది. అప్పుడు మెచ్చుకున్నవాళ్ళు దానికేమైనా బాకీ ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నకు సాబ్ చరిత్ర మంచి ఉదాహరణ. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఒక తప్పు కూడా దీనికి ఉదాహరణే. రెండూ చెబుతాను.

సాబ్ 1937లో పుట్టినప్పుడు విమానాల కంపెనీ. స్వీడన్ వైమానిక దళానికి యుద్ధ విమానాలు చేసిపెట్టడం దాని పని. రెండవ ప్రపంచ యుద్ధం ముగింపుకు వచ్చేసరికి ఇక ఇన్ని విమానాలు ఎవరికి కావాలన్న ఆలోచన వచ్చింది. 1945లో కారు తయారు చేద్దామని నిర్ణయించుకున్నారు. గున్నార్ యుంగ్‌స్ట్రోమ్ అనే ఇంజనీరు నాయకత్వంలో ఓ పదహారుమంది జట్టు పనిలోకి దిగింది. వాళ్ళలో ఇద్దరికే డ్రైవింగ్ లైసెన్సు ఉండేదని చెబుతారు. కారు ఎలా ఉండాలో తెలియకపోవడమే వాళ్ళకు మేలయింది. తెలిసినదల్లా గాలిని కోసుకుపోవడం ఎలాగో. సిక్స్టెన్ సాసోన్ గీసిన రూపం విమానం రెక్కను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. 1946లో తయారైన ఆ మొదటి నమూనా ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. నల్లటి నీటిబొట్టు ఒకటి నేలమీద కూర్చున్నట్టు ఉంది.

1949 డిసెంబరులో సాబ్ 92 ఉత్పత్తి మొదలైంది. 764 సి.సి. ఇంజను, 25 హార్స్ పవర్. మన పాత స్కూటర్లలో మాదిరిగా పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. తొలి కార్లన్నీ ఒకే ఆకుపచ్చ రంగు. వెనక డిక్కీకి తలుపు ఉండేది కాదు. సీటు వంచి లోపలినుంచే సామాను పెట్టుకోవాలి. చూసేవాళ్ళకు ఇవన్నీ వింతలు. కాని ప్రతి వింతకూ ఒక కారణం ఉంది. తలుపు కోస్తే వెనకభాగం గట్టితనం తగ్గుతుంది. ఇంజను బరువు ముందు చక్రాల మీద పడి, ఆ చక్రాలే బండిని లాగితే మంచు రోడ్ల మీద జారదు. 1967లో చూపించిన సాబ్ 99లో తాళంచెవిని స్టీరింగు పక్కన కాక రెండు సీట్ల మధ్య పెట్టారు. ప్రమాదం జరిగితే తాళంచెవి మోకాలికి గుచ్చుకోకూడదని. 1970లో హెడ్‌లైట్లకు వైపర్లు పెట్టారు, మంచూ బురదా కమ్మితే దారి కనబడదు కనుక. 1971లో సీటుకు వేడి పెట్టారు, చలికి బిగుసుకుపోయిన మనిషి సరిగ్గా నడపలేడు కనుక. 1977లో పొగగొట్టంలోంచి వృథాగా పోయే వాయువుతోనే ఇంజనుకు బలమిచ్చే టర్బోను కుటుంబాలు తిరిగే కారుకు అమర్చారు.

ఎరిక్ కార్ల్‌సన్ అనే భారీ మనిషి ఈ బుల్లి కార్లతోనే 1962, 1963 సంవత్సరాల్లో మాంటె కార్లో ర్యాలీ గెలిచాడు. పెద్ద పెద్ద ఇంజన్ల కార్లను వెనక్కి నెట్టిన ఆ విజయాలతో సాబ్ పేరు ఐరోపా అంతా పాకింది. అమెరికాలో అధ్యాపకులు, భవనాలు గీసే ఆర్కిటెక్టులు దీన్ని ఇష్టపడతారని పేరు వచ్చింది. ఎదురుగా మరో సాబ్ వస్తే ముక్కూమొహం తెలియకపోయినా హెడ్‌లైటు వేసి పలకరించుకునే అలవాటు కూడా పుట్టింది.

సాహిత్యం చదివే మన పాఠకులకు ఒక ముచ్చట చెప్పాలి. కర్ట్ వానెగట్ అనే ప్రసిద్ధ అమెరికన్ నవలాకారుడు 1950ల చివర్లో కేప్ కాడ్‌లో సాబ్ కార్ల డీలరుగా కూర్చున్నాడు. వ్యాపారం సాగలేదు, అంగడి మూసేశాడు. బండిని కదలకుండా ఉంచితే పెట్రోలులో కలిపిన ఆయిలు అడుగుకు చేరిపోయేదనీ, మళ్ళీ నడిపితే వీధంతా పొగ కమ్మేదనీ తర్వాత రోజుల్లో రాసుకున్నాడు. ఆ కార్లను తాను తిట్టిపోసినందుకే స్వీడన్ వాళ్ళు తనకు నోబెల్ బహుమతి ఇవ్వలేదని నవ్వులాటకు అనేవాడు. నాకు ఈ ముచ్చటలో నవ్వుతోపాటు మరొకటి కనిపిస్తుంది. సాబ్ గురించి చెప్పుకోవడానికి అందరి దగ్గరా ఏదో ఒక కథ ఉంది. ఇంత చెప్పుకున్న కారు అమ్మకాలు మాత్రం ఏ సంవత్సరంలోనూ లక్షన్నరకు చేరలేదు.

కార్ల వ్యాపారంలో ఆ లెక్క చాలదు. కొత్త మోడలు తయారు చేయడానికి అయ్యే ఖర్చు పదివేల కార్లు అమ్మినా ఒకటే, పదిలక్షలు అమ్మినా ఒకటే. దాన్ని ఎన్ని కార్ల మీద పంచుతామన్నదే ప్రశ్న. చిన్న కంపెనీ కారుకు ఆ భారం ఎప్పుడూ ఎక్కువే. అందుకే 1990లో కార్ల విభాగాన్ని విమానాల కంపెనీనుంచి విడదీసి, సగం వాటాను అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్‌కు అరవై కోట్ల డాలర్లకు ఇచ్చారు. 2000లో మిగతా సగాన్నీ ఆ సంస్థే పన్నెండున్నర కోట్ల డాలర్లకు తీసుకుంది. మొదటి సగం ధరనూ రెండవ సగం ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్ళలో ఏం జరిగిందో కామర్సు చదవనివాళ్ళకు కూడా అర్థమవుతుంది.

జనరల్ మోటార్స్‌ను దుర్మార్గుడిగా చూపించడం సులువు. ఇరవై ఏళ్ళపాటు నష్టాలు భరించింది కూడా ఆ సంస్థే. లాభం కనబడిన సంవత్సరాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఖర్చు తగ్గాలంటే ఇతర కార్లతో భాగాలు పంచుకోవాలని అది కోరింది, అందులో తప్పు లేదు. 1993లో వచ్చిన కొత్త 900కు అడుగున ఓపెల్ కారు చట్రం ఉంది. ఇక 2005 మోడలుగా వచ్చిన 9-7ఎక్స్ అనే బండి ఒహాయోలో తయారైన షెవర్లే జీపు తరహా బండే. దాన్ని సాబ్ అనిపించడానికి తాళంచెవిని తెచ్చి సీట్ల మధ్య పెట్టారు. ఆ తాళంచెవి గురించి చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. మోకాళ్ళను కాపాడడానికి పుట్టిన ఒక ఆలోచన చివరికి బొట్టుబిళ్ళ అయింది. గుర్తు మిగిలి కారణం పోయింది. కొనేవాళ్ళు ఇది కనిపెట్టారు.

2008 ఆర్థిక సంక్షోభంలో జనరల్ మోటార్సే కూలిపోయే స్థితికి వచ్చింది. 2009 ఫిబ్రవరిలో సాబ్ కోర్టు రక్షణ కోరింది. కర్మాగారాన్ని ప్రభుత్వం తీసుకోవాలని చాలామంది అడిగారు. కార్ల కర్మాగారాలు నడపడం ప్రభుత్వం పని కాదని స్వీడన్ మంత్రి మౌడ్ ఓలోఫ్‌సన్ తేల్చి చెప్పారు. ఆమెను కఠినురాలని తిట్టినవాళ్ళు ఉన్నారు. బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాణ్ణి గనుక నాకు ఆ మాటలో న్యాయం కనిపించింది. ఇచ్చేది తన సొమ్ము కానప్పుడు మనసు మెత్తబడడం దానం కాదు. డిపాజిటరు సొమ్ముతో నేనూ, పన్ను కట్టినవాడి సొమ్ముతో ఆమే దయ చూపించకూడదు. ఈ మాట ఇంత ధీమాగా రాస్తున్నాను గాని, నేను ఆ సూత్రాన్ని ఒకసారి తప్పాను.

ఇరవై ఏళ్ళ కిందట బళ్ళారి జిల్లాలో ఒక శాఖకు మేనేజరుగా ఉండేవాణ్ణి. అక్కడ ఒక పెద్దాయన శెనక్కాయలు ఒలిచే మిషన్లు చేసేవాడు. ఐదారుగురు పనివాళ్ళున్న చిన్న షెడ్డు. ఆయన మిషనులో గింజ చితికేది కాదు. బేరింగులు బరువైనవి వేసేవాడు. "తేలికవి వేస్తే రెండు సుగ్గీలకు పోతాయి సామీ. రైతుకు సుగ్గిలో మిషను నిలబడిపోతే ఎట్ల?" అనేవాడు. దానివల్ల ధర ఎక్కువ. బయటినుంచి వచ్చే చవక మిషన్ల ముందు అమ్మకం పడిపోయింది. అప్పు వాయిదాలు ఆగాయి.

నాకు ఆయనంటే ఇష్టం. మూడుసార్లు గడువు పొడిగించాలని రాశాను. "తయారీ నాణ్యత ప్రశస్తం, రైతుల్లో మంచి పేరు ఉంది" అని ప్రతిసారీ రాసేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. పేరు నిజంగానే ఉంది. ఒకనాడు పొలం అప్పు పని మీద వచ్చిన రైతు నా ముందే ఆ మిషన్ను ఆకాశానికెత్తాడు. "నువ్వెప్పుడు కొన్నావు?" అని అడిగాను. "మా నాయన కొనింది సార్. అది చెడిపోతే గదా ఇంకోటి కొనేది!" అన్నాడు. మంచి వస్తువు చేసేవాడి కష్టమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆయన్ను అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నవాడు ఆయనకు ఇక ఎన్నటికీ గిరాకీ కాడు.

నాలుగోసారి పొడిగింపు రాలేదు. షెడ్డుకు తాళం పడింది. వారం తర్వాత పోతపోసే ఫౌండ్రీ అతను నా దగ్గరకు వచ్చాడు. పెద్దాయన అతనికి పధ్నాలుగు నెలలుగా పైకం ఇవ్వలేదట. "ఇన్ని నెలలు అరువు ఎందుకిచ్చావయ్యా?" అన్నాను. "బ్యాంకు ఇంకా నమ్ముతా ఉంది, మేనేజరు గారే మెచ్చుకుంటా ఉన్నారు అని ఇచ్చినా సార్. మీరున్నారు గదా అని" అన్నాడు. అతని మాటలో కోపం కూడా లేదు. నేను ఏం జవాబు చెప్పాలో తెలియక మంచినీళ్ళు తెప్పించాను.

మొదటి పొడిగింపు సబబే. ఒక పంట పోతే వేచిచూడడం ధర్మం. రెండోది రాసేటప్పటికే నాకు లెక్క తెలుసు. మూడోది రాసింది లెక్క చూసి కాదు, ఇష్టం కొద్దీ. ఆ ఇష్టానికి నేను ఒక్క రూపాయి కట్టలేదు. కట్టినది ఆ ఫౌండ్రీ అతను, జీతాలు బాకీ పడిన ఆ ఐదారుగురు కుర్రవాళ్ళు. నా మెప్పు వాళ్ళ చెవికి హామీగా వినబడింది.

ట్రోల్‌హాటన్‌లో జరిగినది దీనికి పెద్దక్షరాల ప్రతి. 2010 జనవరిలో అనేక దేశాల్లో సాబ్ యజమానులు తమ కార్లతో ఊరేగింపులు తీశారు. మంచులో బారులు తీరిన ఆ పాత కార్ల బొమ్మలు చూస్తే ఎవరికైనా మనసు కదులుతుంది. ఇరవై ఏళ్ళుగా ఒకే బండిని కాపాడుకుంటున్నవాళ్ళు కూడా వాటిలో ఉన్నారు. వాళ్ళు గొప్ప భక్తులే గాని, ఆ రైతు మాదిరిగా కొత్తది కొననక్కరలేని భక్తులు. ఆ ఏడాదే స్పైకర్ అనే చిన్న డచ్చి కంపెనీ ఏడు కోట్ల నలభై లక్షల డాలర్ల నగదుకూ, కొన్ని వాటాలకూ సాబ్‌ను కొన్నది. ఐరోపా పెట్టుబడి బ్యాంకు నలభై కోట్ల యూరోల అప్పు మంజూరు చేసింది. ఆ అప్పుకు స్వీడన్ ప్రభుత్వం హామీ ఉంది. కర్మాగారం మాకు వద్దన్న ప్రభుత్వమే చివరికి హామీ సంతకం పెట్టింది. ఊరంతా సంబరపడింది. ఆ సంవత్సరం అమ్ముడైన కార్లు సుమారు ముప్పై వేలు.

2011 ఏప్రిల్లో కర్మాగారం ఆగిపోయింది. విడిభాగాలు ఇచ్చేవాళ్ళకు పైకం అందకపోవడంతో వాళ్ళు సరఫరా ఆపేశారు. జూన్‌నుంచి జీతాలు వాయిదా పడ్డాయి. చైనా కంపెనీలు పెట్టుబడి పెడతామన్నాయి గాని, తమ సాంకేతిక హక్కులు వాళ్ళ చేతికి వెళ్ళడానికి జనరల్ మోటార్స్ ఒప్పుకోలేదు. 2011 డిసెంబరు 19న సాబ్ దివాలా అయింది. మూడు వేలకు పైబడిన ఉద్యోగులు వీధిన పడ్డారు. హామీ ఉన్నందున వాడుకున్న అప్పును ప్రభుత్వమే చెల్లించాల్సి వచ్చింది. విద్యుత్తు కార్లు చేస్తామని 2012లో వచ్చిన మరో సంస్థ కొద్ది కార్లు చేసింది. 2014 తర్వాత ఆ పేరుతో కారు రాలేదు. విమానాల కంపెనీ మాత్రం అదే పేరుతో ఈనాటికీ నడుస్తోంది.

2009లోనే మూసేసి ఉంటే ఆ జీతాల వాయిదాలూ, ఆ సరఫరాదారుల బాకీలూ ఉండేవి కావని లెక్కలు చూసేవాడు అంటాడు. ప్రయత్నమే చేయకుండా చంపడం కన్నా ఇది మేలు కాదా అని అభిమాని అడుగుతాడు. వోల్వో సంగతి చూడండి, 1999లో దాన్నీ ఒక అమెరికన్ కంపెనీ కొన్నది, 2010లో చైనా కంపెనీ చేతికి వెళ్ళింది, అయినా బతికింది గదా అని కూడా అంటాడు. నిజమే. కాని వోల్వోకు కొనేవాళ్ళు ఉన్నారు. సాబ్‌కు ఎక్కువగా ఉన్నది మెచ్చుకునేవాళ్ళు. మా ఖాతా పుస్తకాల్లో గుడ్‌విల్ అని ఒక పద్దు ఉంటుంది. ఆస్తుల విలువకు మించి కొనేవాడు ఇచ్చిన సొమ్మునే ఆ పద్దులో రాస్తాం. నోటితో అన్న మంచిమాట ఎంత నిజమైనా అందులోకి ఎక్కదు.

అలాగని మెచ్చుకున్న ప్రతివాడూ కొనితీరాలని నేను అనను. అది జబర్దస్తీ. జేబులో లేనివాడు ఏం చేస్తాడు? నేను సాబ్ కొనగలిగేవాణ్ణా? మెచ్చుకున్నవాడి బాకీ రెండు రకాలుగా తీరుతుందని నాకు తోస్తుంది. చేతనైతే తన సొమ్ముతో, ఆ వస్తువు బతికి ఉండగానే, తీర్చాలి. చేతకాకపోతే ఆ మాట చెప్పాలి. "నీ మిషను చాలా బాగుంది పెద్దాయనా, కాని ఈ ధరకు ఈ చుట్టుపక్కల కొనేవాళ్ళు లేరు. ఫౌండ్రీ అతనికి మరింత బాకీ పడకముందే ఆపు" అని నేను రెండో ఏడాదే చెప్పవలసింది. అది చెప్పడం ఆయన మీద ఇష్టం లేకపోవడం కాదు. ఆ మాట చెప్పడానికి ధైర్యం చాలక నేను సిఫారసు రాశాను. మంచిదాన్ని నష్టానికైనా నిలబెట్టవచ్చు, నిలబెట్టాలి కూడా. ఆ నష్టం తెలిసి భరించేవాడిదై ఉండాలి. తెలియక ఇరుక్కున్నవాడిది కాకూడదు. చందాలతో నడిచే ఇలాంటి పత్రిక చేతిలో పట్టుకున్నవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ట్రోల్‌హాటన్‌లో ఇలా సొంత సొమ్ముతో తీర్చిన బాకీ ఒకటి ఉంది. 2012 జనవరిలో దివాలా అధికారులు మ్యూజియంలోని కార్లను కూడా వేలానికి పెట్టారు. మొత్తంగానైనా, విడివిడిగానైనా కొనుక్కోవచ్చన్నారు. మొదటి నమూనా, కార్ల్‌సన్ నాటి ర్యాలీ కార్లు, అన్నీ తలా ఒక దేశానికి చెదిరిపోయేవి. అప్పుడు ఆ ఊరి పురపాలక సంఘం, విమానాల కంపెనీ, వాలెన్‌బర్గ్ కుటుంబ ధర్మనిధి కలిసి రెండు కోట్ల ఎనభై లక్షల క్రోనార్లు పెట్టి మొత్తం కొన్నాయి. ఆ కార్లు ఇవాళ అక్కడ ఉన్నాయంటే అందువల్లే. అయితే ఆ సొమ్ము కట్టేటప్పటికి కర్మాగారం చల్లారి తొమ్మిది నెలలయింది.

బయటికి వస్తూ, "ఇంత ఇష్టమైనదాన్ని ఇన్నాళ్ళకు చూశావు, సంతోషమేనా నాన్నా?" అంది మా అమ్మాయి. చొక్కా జేబులో ప్రవేశం టికెట్టు చేతికి తగిలింది. దానికి మా అమ్మాయి డబ్బివ్వబోతే నేనే పట్టుబట్టి ఇచ్చాను. ముప్పై అయిదేళ్ళకు పైగా మెచ్చుకుంటూ వచ్చిన సాబ్ పేరిట నేను చెల్లించిన మొదటి పైకం అదే.